ఎవరికీ రాని కర్పూరం వాసన

ఆ పొద్దున ముక్కుగారు వేసుకున్న పథకం చాలా సాదా పథకం. వాసన లేని సబ్బుతో స్నానం చెయ్యాలి. ఉప్పు తప్ప మరొకటి తగలని జావ తాగాలి. నీడన ఆరేసిన చొక్కా తొడుక్కుని బస్సెక్కాలి. టీ కంపెనీలో వరసగా పెట్టిన గిన్నెలు చప్పరించి, ఏది ఏ కొండమీది ఆకో, ఏది ఏ గోదాములో చెమ్మ పట్టిందో చెప్పాలి. ఆ తర్వాత వెళ్ళి పెద్దాయన కుర్చీలో కూర్చోవాలి.

ముక్కుగారన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, కంపెనీ పెట్టింది. టీ మంచిచెడ్డలు తేల్చే గదిలో ఆయన ముక్కుకు అంత పలుకుబడి. డబ్బా మూత తియ్యకుండానే "దీని పక్కన ఎవడో కిరసనాయిలు పెట్టాడు" అని చెప్పి, ఎవడు పెట్టాడో కూడా చెప్పగల ముక్కు అది. ఆ పేరు గేటు దాటి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చి స్థిరపడింది.

టీ గదిలో కుర్చీ ఒక్కటే. అది పెద్దాయనది. తక్కినవాళ్ళు నిలబడే జుర్రాలి, నిలబడే ఉమ్మాలి. జుర్రీ ఉమ్మీ ముక్కుగారి జుట్టు నెరిసింది, మడమలు వాచాయి. ఇప్పుడు పెద్దాయన విరమిస్తున్నాడు. కుర్చీకి పోటీ ఇద్దరు, తేలేది ఇవాళ్టి గిన్నెల దగ్గర. ఒకరు ముక్కుగారు, రెండోవాడు వెండిచెంచా. జేబులో సొంత వెండి చెంచా వేసుకు తిరుగుతాడు కనుక అతనికా పేరు. ఆ చెంచా ఎలా పట్టుకోవాలో, టీని నాలుక మీదికి చప్పుడయ్యేట్టు ఎలా లాగాలో నేర్పింది ముక్కుగారే. అలాంటివాడు రేపు కుర్చీలో కాలుమీద కాలేసుకుని "ఏమయ్యా, ఆ చివరి గిన్నె ఇలా అందుకో" అంటే అందించాలి కదా! ఆ ఊహ వచ్చినప్పటినుంచీ ముక్కుగారికి అన్నం సహించడం లేదు.

పథకం బాగానే ఉంది. లోటల్లా ఒక్కటే. తెల్లారి లేచేసరికి ముక్కు లేదు. అంటే మొహం మీద ఉంది, పనిలో లేదు. రెండు రంధ్రాలకూ ఎవరో ఇటుకలు పేర్చి సున్నం కొట్టినట్టుంది. ఆయన వంటింట్లోకి పిల్లిలా నడిచి, ఒక ఉల్లిపాయను చీరి మొహానికి ఆనించుకున్నాడు. కళ్ళు బొటబొటా కారాయి గానీ, ముక్కు మాత్రం అదేదో పక్కింటి వ్యవహారమన్నట్టు ఊరుకుంది.

"ఇదేమిటండీ, గిన్నెలు చప్పరించే రోజున ఉల్లిపాయ పట్టుకున్నారు?" అంది వెనకనుంచి భార్య.

జవాబు చెబుదామని ముక్కుగారు నోరు తెరిచాడు. జవాబుకు బదులు తుమ్మొచ్చింది. మామూలు తుమ్ము కాదు, అటక మీద గిన్నెలు కదిలాయి.

"జలుబు చేసింది నాయనా!" అంటూ తల్లి ముందుగదిలోంచి పరుగున వచ్చింది. "కొబ్బరినూనె వెచ్చచేసి, అందులో కర్పూరం కరగేసి రొమ్ముకు రాస్తే మధ్యాహ్నానికి ముక్కు తలుపు తీసినట్టు తెరుచుకోదూ!"

అత్తగారు అప్పటికే వంటింటి గుమ్మంలో ఉంది. ఆవిడ తన ఇంటికి రంగులు వేయిస్తున్నారని కూతురింటికి వచ్చింది. రంగులు ఆరి చాలాకాలమైందని వియ్యపురాలి అనుమానం. ఇద్దరికీ తగువేమీ లేదు. ఉన్నదల్లా మర్యాద. ఆ మర్యాద ముదిరి ముదిరి, ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం మానేసి అన్నీ మధ్యమనిషి ద్వారా చెప్పుకుంటున్నారు.

"అమ్మాయ్, మీ అత్తగారితో చెప్పు," అంది ఆవిడ, మూరెడు దూరంలో నిలబడ్డ వియ్యపురాలి భుజం మీదుగా చూస్తూ. "కర్పూరం నూనెలో వేస్తే ఘాటంతా నూనె తాగేస్తుంది. పల్చటి గుడ్డలో మూటకట్టి వాసన పీల్చాలి. మావైపు పుట్టినవాళ్ళెవరినడిగినా చెబుతారు."

"అమ్మాయ్, మీ అమ్మగారితో చెప్పు," అంది తల్లి. "మూటలో కడితే సగం గాలికి పోతుంది. పిల్లాణ్ణి పెంచింది నేను. వాడి రొమ్ముకేం కావాలో నాకు తెలీదూ?"

"కర్పూరమా!" అని ముక్కుగారు పెట్టిన కేకకు ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. "ఇవాళా! టీ ఆకంటే ఏమనుకున్నారు? పసిపిల్లలా పక్కవాళ్ళు ఏదంటే అది పట్టేస్తుంది. సబ్బు పెడితే సబ్బు, చేప పెడితే చేప. నామీద ఒక్క కర్పూరం పలుకు వాసనొచ్చిందంటే పెద్దాయన నన్ను గేటులోంచే తిప్పి పంపిస్తాడు. జలుబని తెలిసినా అంతే. వెళ్ళకపోతే కుర్చీ ఆ చెంచాగాడిది. ఈ ఇంట్లో ఇవాళ ఆ మాటే ఎత్తొద్దు!"

"అయిపోయింది," అని భార్య తీర్పు చెప్పింది. "ఎవరూ రాయొద్దు, ఎవరూ కట్టొద్దు. ఆయన మానాన ఆయన్ని వెళ్ళనివ్వండి."

"సరేనమ్మా," అంది తల్లి.

"సరేనే," అంది అత్తగారు.

పెళ్ళి చూపులనాటినుంచి ఒక్క విషయానికీ కలిసి తలూపని ఇద్దరూ కలిసి తలూపినప్పుడే ఎవరైనా అనుమానించాల్సింది. తీరిక లేక ఎవరూ అనుమానించలేదు.

ముక్కుగారు స్నానాల గదిలో దూరగానే తల్లి చిన్న మూకుడులో నూనె వెచ్చబెట్టి, కర్పూరం కరిగించి, తీగమీది బనీను దింపి, రొమ్ము తగిలే చోట లోపలివైపు పూసింది. బయటికి మరక కనపడకుండా రాయడంలో ఆవిడ చూపిన నేర్పు, ఇన్నేళ్ళు బిడ్డను పెంచిన తల్లికే సాధ్యం. ఆవిడ అటు తిరగ్గానే అత్తగారు ఇటు వచ్చింది. వేలెడంత గుడ్డలో కర్పూరం మూటకట్టి, అల్లుడి కోటు మెడపట్టీ కింద, సరిగ్గా ముక్కుకు ఎదురుగా, నాలుగు కుట్లు వేసింది. తీర్పు చెప్పిన భార్య సంగతి? ఆవిడ మాత్రం ఆ కుర్చీ కోసం తక్కువ కలలు కన్నదా! రోట్లో రెండు పలుకులు నలిపి, ఆ పొడి చేతిరుమాలు మడతల్లో చల్లి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మడిచింది. 'చిటికెడేగా' అనుకుంది. ఆ ఉదయం ఆ ఇంట్లో ముగ్గురూ అనుకున్న మాట అదే.

బట్టలు వేసుకుని వచ్చిన ముక్కుగారిని తల్లి దగ్గరికి పిలిచింది. "ఏరా, ఏమన్నా వాసన తెలుస్తోందా?"

"ఏం తెలీడం లేదమ్మా."

అయితే మోతాదు చాల్లేదు అనుకుంది తల్లి. మిగిలిన నూనె తీసుకెళ్ళి ఆయన మేజోళ్ళలో పోసింది. కాసేపటికి అత్తగారు, "అల్లుడుగారూ, కాస్త ఊపిరి ఆడుతోందా?" అని అడిగింది. "ఎక్కడండీ అత్తయ్యగారూ, రాయిలా ఉంది" అన్నాడాయన. కోటు జేబులోకి ఇంకో మూట వెళ్ళింది, ఈసారి నిమ్మకాయంత. భార్య అడగను కూడా అడగలేదు. మొగుడి మొహం చూసి, రోట్లో మిగిలిందంతా రుమాలులో దులిపేసింది.

ఇల్లంతా గుప్పుమంది. కానీ అది తన చేతి పనేనని ముగ్గురికి ముగ్గురూ నమ్మారు.

"ఏమిటో ఉక్కగా ఉంది," అంటూ తల్లి కిటికీ తెరిచింది.

"అవునే, నాకూ అలాగే ఉంది," అంటూ అత్తగారు వీధి తలుపు తెరిచింది.

"నేను దొడ్డి తలుపు తీస్తాను," అంది భార్య.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని ఎంతో ఆప్యాయంగా నవ్వుకున్నారు. ఆడవాళ్ళింత సఖ్యంగా ఉండటం చూసి, ఇది శుభసూచకమనుకుంటూ ముక్కుగారు వీధిలో పడ్డాడు.

బస్సులో ఆయనకు కూర్చోను చోటు దొరికింది. అది రోజూ జరిగేది కాదు. ఆయన కూర్చున్నాక ముందు సీటు, వెనక సీటు కూడా ఖాళీ అయ్యాయి. అది ఎప్పుడూ జరగనిది. పక్కనున్న ముసలాయన ఒక్కడే కిటికీలోంచి తల బయటపెట్టి, కాసేపటికి లోపలికి తీసి, "ఎవరో ట్రంకు పెట్టె మూత తీసి వదిలేసినట్టున్నారండీ బస్సులో" అన్నాడు.

"అలాగా?" అన్నాడు ముక్కుగారు సానుభూతిగా. "ఈ రోజుల్లో జనానికి మరీ ఇంగితం లేకుండా పోతోందండీ. పదిమంది ఎక్కే బస్సు. ఎక్కేముందు తనమీద ఏం వాసన వస్తోందో ఒకసారి చూసుకోవద్దూ?"

ముసలాయన ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, తన స్టాపు రాకపోయినా దిగిపోయాడు.

కండక్టరు టిక్కెట్టు చేయి చాచి ఇచ్చాడు, మనిషి మాత్రం రాలేదు. "మందుల కొట్లో పనా అండీ?"

"కాదు. టీ కంపెనీ."

"ఏ టీయో కాస్త చెప్పండి," అన్నాడు కండక్టరు. "మా ఇంట్లోకి రాకుండా చూసుకుంటాను."

టీ అంటే గిట్టని మనుషులు కూడా ఉంటారు కాబోలుననుకుని ముక్కుగారు జాలిపడ్డాడు.

కంపెనీ గేటు మనిషి ఉద్యోగమల్లా వాసనలను ఆపడం. తలలో పువ్వులు పెట్టుకొచ్చిన గుమాస్తా అమ్మాయినీ, అత్తరు పూసుకొచ్చిన యజమాని బావమరిదినీ కూడా ఆపిన ఘనుడు. ముక్కుగారు పది గజాల దూరంలో ఉండగానే అతని మొహం ముడుచుకుంది. కానీ వెంటనే ఒక ఆలోచన వచ్చింది. పొద్దుగూకేసరికి ఈయనే పెద్దాయన కావచ్చు. కాబోయే పెద్దాయనను గేటులో ఆపి, 'మీరు కంపు కొడుతున్నారు' అనడం తనకు అవసరమా? ఊపిరి బిగబట్టి సలాం చేసి గేటు తీశాడు. సలాం కొంచెం ఎక్కువసేపే సాగింది, ఎందుకంటే ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి అతనికి చెయ్యి కావలసివచ్చింది.

టీ గది తెల్లటి సున్నపు గోడల గది. వీధి వాసన రాకుండా కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. పొడుగాటి బల్లమీద తెల్ల గిన్నెలు, వాటి వెనక ఆకు నమూనాల డబ్బాలు, ఆ చివర ఉమ్మడానికి నడుమెత్తు రేకు తొట్టి. నీళ్ళు కాచే కెటిల్ మామ డబ్బాల మూతలు తీసిపెట్టి, నీళ్ళు మరిగే చప్పుడు వింటున్నాడు. కుర్చీలో పెద్దాయన, గోడవారగా వెండిచెంచా, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని యజమాని. యజమానికి టీ అమ్మడం తెలుసు, తాగడం తెలియదు. తాత కట్టిన కంపెనీ, తండ్రి పెంచిన కంపెనీ అని మాత్రం బాగా తెలుసు.

ముక్కుగారు లోపలికి వచ్చి తలుపు మూశాడు. కాసేపటికి గదిలో వింతలు మొదలయ్యాయి. పెద్దాయన ఉన్నట్టుండి మోకాళ్ళు రెండూ బల్లకిందికి లాక్కుని, పైన తుండు కప్పుకున్నాడు. వెండిచెంచా తన కొత్తకోటు చంక దగ్గర ముక్కు పెట్టి చూసుకుని, తెల్లబోయి, కోటు విప్పి చుట్టచుట్టి మూల బీరువాలో కుక్కి వచ్చాడు. వచ్చాక కూడా గాలి పీల్చి, ఇంకా దిగులుపడ్డాడు. 'భయపడుతున్నాడు కుర్రకుంక' అనుకున్నాడు ముక్కుగారు. ఆయన ధైర్యం రెట్టింపైంది.

కెటిల్ మామ ఆకుమీద నీళ్ళు పోశాడు. కాస్త ఆగి గిన్నెల్లోకి వంచాడు. పెద్దరికం ప్రకారం ముందు చప్పరించాల్సింది ముక్కుగారు.

ముక్కు లేకుండా నెగ్గుకురావడం ఎలాగో ఆయన దారి పొడుగునా ఆలోచించి పెట్టుకున్నాడు. రంగు చూడాలి, నానిన ఆకు చూడాలి, మిగిలింది నాలుకను అడగాలి. చెంచాతో తీసి గట్టిగా జుర్రాడు. వేడిగా తగిలింది. కొంచెం వగరు తగిలింది. ఆ తర్వాత గొంతులో చల్లగా ఏదో జారింది. చల్లగా! ముక్కుగారి గుండె ఎగిరి గంతేసింది.

"ఎత్తైన కొండ," అన్నాడు కళ్ళు మూసుకుని. "బాగా ఎత్తు. మంచు విడవని తోట."

రెండో గిన్నె జుర్రాడు. అక్కడా చల్లదనమే. "ఇది ఇంకా ఎత్తు."

మూడోది జుర్రాక గొంతులో చలిగాలి వీచింది. "దీని పైన ఇక తోటల్లేవు, మబ్బులే."

తర్వాత వెండిచెంచా వంతు. అతను ఒక గుక్క లాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క క్షణం నోరు తెరిచి ఏదో అనబోయాడు. బీరువా వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"అవునండీ," అన్నాడు గొంతు సవరించుకుని. "కొండే. చాలా పెద్ద కొండ."

పెద్దాయన కూర్చున్నచోటినుంచే చెంచా అందుకుని, పెదవి తడిపీ తడపనట్టు తడిపి, కెటిల్ మామ మొహం చూశాడు. కెటిల్ మామ నేల చూశాడు. "కొండే," అన్నాడు పెద్దాయన క్లుప్తంగా.

యజమానికి ఉబలాటం పుట్టింది. "అంత ఎత్తు టీ మన దగ్గరుందా! ఏదీ, ఇలా తే." అని గిన్నె ఎత్తి నోట్లో పోసుకుని, మరుక్షణం తొట్టిదాకా పరుగెత్తి ఉమ్మేశాడు. "థూ! ఇదేం టీ అయ్యా? కర్పూరం నానబెట్టినట్టుంది! అసలు గదంతా అదే వాసన. మీకెవరికీ రావట్లేదా?"

కెటిల్ మామ కెటిల్ మూత తీసి లోపలికి చూశాడు.

"కర్పూరమా?" అన్నాడు ముక్కుగారు నిజంగానే ఆశ్చర్యపోతూ. "నాకేం రావడం లేదండీ."

ముక్కుగారంతటివాడు రావడం లేదన్నాక వెండిచెంచాకు ప్రాణం లేచొచ్చింది. "నాకూ రావట్లేదండీ," అన్నాడు.

"నాకూ అంతే," అన్నాడు పెద్దాయన తుండు సర్దుకుంటూ.

యజమాని కెటిల్ మామను అడిగాడు. అతను పెద్దాయన మోకాళ్ళవైపు ఒకసారి చూసి, "మరిగే నీళ్ళ వాసన తప్ప ఇంకేం లేదు బాబూ" అన్నాడు. గేటు మనిషిని పిలిపించి అడిగాడు. ఉన్నదంటే లోపలికి ఎలా రానిచ్చావంటారు. అతను నిటారుగా నిలబడి, "ఏ వాసనా లేదండీ. వస్తే నేను రానివ్వనుగా!" అన్నాడు.

యజమాని మొహంలో రంగు మారింది. "ఎవరికీ రావట్లేదు. నాకొక్కడికే వస్తోంది," అన్నాడు మెల్లిగా. "మా నాన్నకూ ఇంతేనయ్యా. ఆఖర్లో లేని వాసనలన్నీ వచ్చేవి. మంచంమీద పడుకుని 'ఎవరో మామిడిపళ్ళు కోస్తున్నారు' అనేవాడు. అన్నాక ఎంతోకాలం లేడు."

ఆయన తడుముకుని గోడ పట్టుకున్నాడు. పెద్దాయన గబగబా లేచి తన కుర్చీ ఇచ్చాడు. యజమాని అందులో కూలబడి, "డాక్టర్ని పిలవండి. కంపెనీ మా తమ్ముడి చేతిలో పెట్టకండి, వాడు నాలుగు రోజుల్లో అమ్ముకు తినేస్తాడు" అని నీరసంగా అప్పగింతలు మొదలుపెట్టాడు.

గేటు మనిషి వీధికి అటువైపున్న డాక్టరు కోసం పరుగెత్తాడు. ముక్కుగారికి జాలేసింది. యజమాని నుదుట పట్టిన చెమట చూసి జేబులోంచి రుమాలు తీశాడు. దాన్ని విదిలించి, విప్పి, ఎంతో భక్తిగా ఆయన మొహమంతా తుడిచాడు.

"ఎక్కువైంది!" అని అరిచాడు యజమాని. "బాబోయ్, వాసన ఎక్కువైంది! కళ్ళు మండుతున్నాయి!"

"కంగారు పడకండి బాబూ, గాలి కావాలి," అంటూ ముక్కుగారు కోటు విప్పి దానితో విసరడం మొదలుపెట్టాడు. విసిరినకొద్దీ యజమాని కుర్చీలో వెనక్కి వెనక్కి వాలిపోయాడు.

"దగ్గరపడిందయ్యోయ్! మామిడిపళ్ళంత మంచి వాసన కూడా నాకు రాసిపెట్టి లేదు! మా ఆవిడతో చెప్పండి..."

"ఇంకా గట్టిగా విసరండి, గట్టిగా!" అన్నాడు వెండిచెంచా. గాలి ఆడితే తన కోటు వాసన కూడా పోతుందని అతని ఆశ.

అప్పుడు తలుపు తోసుకుని డాక్టరు వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, చేత్తో ముక్కు మూసుకున్నాడు. "ముందు ఆ కిటికీలు తెరవండయ్యా! ఇంత కర్పూరం ఎవరు తెచ్చారు ఇక్కడికి?"

యజమాని ఒక కన్ను తెరిచాడు. "డాక్టరుగారూ, మీకు కూడా వస్తోందా?"

"మీ గేటు దగ్గరే తగిలింది. మీ మీసాలమీద తెల్లగా కనపడుతోంది కూడా."

యజమాని రెండో కన్ను తెరిచాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. పోయిన రంగు మొహంలోకి తిరిగి వచ్చింది, అవసరానికి మించే వచ్చింది. "ఎవరది?"

"నేనే బాబూ," అన్నాడు పెద్దాయన తుండు తీసేసి. "మోకాళ్ళ నొప్పులు. ఇంటిదగ్గర కర్పూర తైలం రాసుకుని కడుక్కునే వస్తాను. ఇవాళ సరిగా కడగలేదనుకున్నాను."

"పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి అది రాసేది నేనేనండీ," అన్నాడు కెటిల్ మామ.

"నా కోటండీ," అన్నాడు వెండిచెంచా బీరువా వైపు చేయి చూపిస్తూ. "పురుగు పట్టకుండా కర్పూరం వేసి పెట్టెలో పెట్టింది మా ఆవిడ. ఇవాళ మంచిరోజని తీశాను."

"రానిచ్చింది నేనండీ," అన్నాడు గేటు మనిషి వెనకనుంచి. ఎవరిని రానిచ్చాడో మాత్రం చెప్పలేదు.

ముక్కుగారికి ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం దేవుడిలా చూసిన గది ఇది. "ఛీ, ఛీ!" అన్నాడు. "పెద్దవారు, మిమ్మల్నేమనను? ఈ కుర్రాడికి చెంచా పట్టుకోవడం నేర్పాను గానీ శుభ్రత నేర్పలేకపోయాను. వాసన వస్తూంటే రావట్లేదని అబద్ధమా! ఈ వృత్తిలో మనిషికి ఉండాల్సింది ఏమిటి? నిష్ఠ! ఇవాళ నన్ను చూడండి, సబ్బుకూడా..."

డాక్టరు ఆయన చేతిలోని కోటు మెల్లిగా తీసుకున్నాడు. మెడపట్టీ తిరగేసి, కుట్లు తెంపి, చిన్న మూట బల్లమీద పెట్టాడు. జేబులోంచి పెద్ద మూట తీసి దాని పక్కన పెట్టాడు. రుమాలు విదిలించి చూపించాడు. చొక్కా గుండీ ఒకటి విప్పి బనీను వాసన చూసి, వెంటనే తల వెనక్కి లాక్కున్నాడు.

"మేజోళ్ళు కూడా విప్పమంటారా, ఇక్కడితో ఆపమంటారా?" అన్నాడు.

ముక్కుగారు ఆ మూటలను అవేవో ఆకాశంనుంచి రాలినట్టు చూశాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. తుమ్మొచ్చింది. గిన్నెలు గలగలలాడాయి.

"జలుబు," అన్నాడు డాక్టరు. "వాసనే తెలీనంత జలుబు. ఎవరో బాగా ప్రేమించేవాళ్ళు చేసిన పని. చూడండి, కర్పూరం జలుబును తగ్గించదు. ముక్కుకు కాస్త చల్లగా అనిపిస్తుంది, అంతే. ఈ మోతాదులో మాత్రం అసలు మంచిది కాదు. ఇంటికెళ్ళి కడుక్కోండి."

అయిపోయింది. కుర్చీ పోయింది, పరువు పోయింది. ఉద్యోగం కూడా వాటి వెనకే వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. ముక్కుగారు తలదించుకుని తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అటుపక్క వెండిచెంచా కూడా అలాగే నిలబడ్డాడు.

తిట్లు రాలేదు. యజమాని ఏదో ఆలోచనలో ఉన్నాడు. మీసం తుడుచుకున్నాడు. గాలి ఒకసారి లోపలికి పీల్చాడు, ఇంకోసారి పీల్చాడు. మొహం మెల్లిమెల్లిగా విచ్చుకుంది.

"అంటే నా ముక్కుకేం కాలేదన్నమాట," అన్నాడు.

"భేషుగ్గా ఉంది," అన్నాడు డాక్టరు వెళ్ళిపోతూ.

"ఇంతమంది నిపుణులున్నారు గదిలో. మంచుకొండ అన్నారు, మబ్బులన్నారు. ఉన్నదున్నట్టు కనిపెట్టి చెప్పింది ఎవరయ్యా?"

"తమరే," అన్నారు అందరూ.

"ఒక్క గుక్కలో?"

"ఒక్క గుక్కలోనండీ."

"ఆ విద్య మా తాతదయ్యా. రక్తంలో ఉంది, ఇన్నాళ్ళూ నాకే తెలీలేదు." యజమాని కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి కూలబడలేదు, సర్దుకుని కూర్చున్నాడు. చేతులు రెండూ కుర్చీ చేతులమీద ఆనించి, వెనక్కి వాలి చూశాడు. "ఈ కుర్చీ ఎవరికివ్వాలా అని ఇంతకాలం నిద్రపట్టక చచ్చాను. దీంట్లో కూర్చోవాల్సినవాణ్ణి దీనిచుట్టూ తిరుగుతున్నానని ఒక్కడైనా చెప్పాడా? మీరిద్దరూ రేపటినుంచి అటొకరు, ఇటొకరు నిలబడండి. నేను చప్పరిస్తాను, మీరు వినండి."

ముక్కుగారు ఓరగా వెండిచెంచా వంక చూశాడు. వెండిచెంచా ఆయన వంక చూశాడు. ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి అభిమానం పుట్టడం ఆ గదిలో అదే మొదలు.

ఇంటికి చేరగానే ముక్కుగారు మూటలు రెండూ, రుమాలూ, బనీనూ, మేజోళ్ళూ నట్టింట్లో వరసగా పరిచాడు. "ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనా? ఒట్టు నాయనా, నేను కర్పూరం కళ్ళచూడలేదు," అంది తల్లి.

"అల్లుడుగారి కోటు నేను ముట్టుకుంటానా?" అంది అత్తగారు.

"నేనే కదండీ వద్దని చెప్పింది!" అంది భార్య.

కంపెనీలో అడిగిందే ఆలస్యం, గేటు మనిషితో సహా అందరూ ఒప్పుకున్నారు. ఇంట్లో ఎంత అడిగినా నేరస్థులే దొరకలేదు. ఆయన విసిగి, వేడినీళ్ళతో తోముకుని పడుకున్నాడు.

మర్నాడు లేచేసరికి ముక్కు పనిలోకి వచ్చేసింది. వంటింట్లో పాలు అడుగంటుతున్న వాసన పడకమీదికే తెలిసింది. "తగ్గిందే!" అని ఆయన గట్టిగా అన్నాడు.

"తగ్గదూ మరి! మేజోళ్ళలో కూడా పోశాను," అంది తల్లి.

"అమ్మాయ్, మీ అత్తగారితో చెప్పు, తగ్గింది మూటతో," అంది అత్తగారు.

"మీ ఇద్దరిదీ కాదు, రోటినిండా నూరి రుమాల్లో పోసింది నేను," అంది భార్య.

మాటామాటా పెరిగి, మర్యాద తగ్గి, వియ్యపురాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళ తర్వాత నేరుగా, మొహమ్మీద మొహం పెట్టి మాట్లాడుకున్నారు. ఆ మాటలు వీధి చివరిదాకా వినపడ్డాయి. పాలసంగతి ఎవరికీ పట్టలేదు. ముక్కుగారు పొయ్యి ఆపి, ఏమీ తినకుండానే బస్సెక్కాడు.

టీ గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. గోడలు కడిగారు. కుర్చీకి అటు ముక్కుగారు, ఇటు వెండిచెంచా నిలబడ్డారు. యజమాని కొత్త చెంచా పట్టుకుని వచ్చాడు. ముక్కు ఎర్రగా కంది ఉంది, కళ్ళలో నీళ్ళు ఊరుతున్నాయి. నిన్న అంత దగ్గరగా వంగి విసిరి, తుడిచి, సేవ చేసిన ముక్కుగారికి అది చూడగానే విషయం అర్థమైంది. యజమాని కుర్చీలో సర్దుకుని, మూసుకుపోయిన ముక్కుతో, "బొదలుపెడదామా?" అన్నాడు. మొదటి గిన్నె ముందుకు లాక్కున్నాడు. నిపుణులందరిలాగే కళ్ళు మూసుకుని, చెంచాతో తీసి, గది మారుమోగేలా జుర్రాడు. చాలాసేపు నోట్లో అటూఇటూ తిప్పాడు.

"అద్భుతం," అన్నాడు. "ఎత్తైన కొండ."

గిన్నె వెచ్చబడటానికి కెటిల్ మామ అందులో పోసినవి ఉత్త వేడినీళ్ళు, టీ ఇంకా వంచనే లేదు.